కొత్త చెరువులో గాలం పోటీ – వంటింట్లోనే మొదలు!

"వచ్చే ఆదివారం అందరం చేపలు పట్టడానికి పోతున్నాం, పోటీ కూడా ఉంది" అని మీ వారు చెప్పగానే మీకేం అనిపిస్తుంది? "పులిహోర కలిపి పెట్టాలి కాబోలు" అనుకుని ఊరుకుంటారు కదూ! నేనూ పోయినేడాది అలాగే అనుకున్నాను. మా మరిది ఆఫీసు వాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి ఏటా గాలం పోటీ పెట్టుకుంటారు. ఎవరి చేపల బరువు ఎక్కువైతే వాళ్ళకి బహుమతి. కిందటిసారి ఎవరికీ తెలియని చెరువుకు వెళ్ళాం. చేప ఒక్కటీ పడలేదు సరికదా, మోకాలిలోతు నీళ్ళే కదా అని రెండడుగులు ముందుకు వేసిన మా అబ్బాయి ఉన్నట్టుండి గొంతుదాకా దిగిపోయాడు. మట్టి కోసం తవ్విన గుంత అది! పక్కనున్న మరిది గాలం కర్ర అందించి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి వికారాబాద్ వైపు మరో కొత్త చెరువు అన్నారు. "వద్దు" అనలేదు నేను. "పదిరోజులు టైమివ్వండి, తయారీ నేను చూసుకుంటాను" అన్నాను.

ముందు చెరువును తెలుసుకోండి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ మా అబ్బాయి చేపల వేట మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. అమెరికాలో బాస్ అనే చేపకు పెద్ద పెద్ద పోటీలు జరుగుతాయట. 1971లో 24 మందితో ఒక పోటీ పెట్టి, విమానం ఎక్కి గాల్లోకి లేచేదాకా ఏ చెరువుకు వెళ్తున్నారో చెప్పలేదట! తీరా చూస్తే అది లేక్ మీడ్ అనే పెద్ద జలాశయం. బాబీ ముర్రే అనే ఆయన గెలిచి పదివేల డాలర్లు తీసుకున్నాడు. మనకి అంత కష్టం లేదు కదండీ, చెరువు పేరు ముందే తెలుసు. తెలిసినప్పుడు ఒకసారి వెళ్ళి చూసి రావడానికేం?

అందుకే వారం ముందు మేమిద్దరం నాంపల్లి స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ వెళ్ళాం. అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు. నేరుగా చెరువు గట్టుకు వెళ్ళకుండా ముందు మత్స్యకారుల సంఘం పెద్దాయనను కలిశాం. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి: ఊరి చెరువులో చేపలు ఊరికే పుట్టినవి కావు. పిల్లలను వదిలి, కాపాడుకుని, వాటి మీద బతికేవాళ్ళు ఉంటారు. అడగకుండా గాలం వేస్తే అది వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే. మేము అడిగి, వాళ్ళు చెప్పిన రుసుము కట్టాం. ఆయన సంతోషంగా ఒప్పుకుని, మమ్మల్ని కట్ట మీద నడిపిస్తూ చెరువంతా చూపించాడు.

తూము దగ్గర లోతు ఎక్కువ. ఎగువన వాగు కలిసే చోట నీరు పలచన. మట్టి తీసిన గుంతలు ఫలానా తుమ్మచెట్టుకు ఎడమ పక్క. "చలికాలం కదమ్మా, తెల్లారకముందే వచ్చి కూర్చుంటే లాభం లేదు. ఎండ కాస్త ముదిరినాక చేప మేతకొస్తది" అన్నాడు. చీకట్లోనే వెళ్ళాలని మావారు అలారం సిద్ధం చేసుకున్నారు. ఆ ఒక్కమాటతో అందరికీ రెండు గంటల నిద్ర మిగిలింది!

ఏ చేప ఎక్కడ తింటుంది?

మూడు రకాలు గుర్తుంచుకుంటే చాలు. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ (రోహు అంటామే, అదే) నడిమి నీటిలో, మోసు అడుగున మేత తింటాయి. అందుకని గాలానికి కట్టిన బెండును పైకీ కిందికీ జరుపుకుంటూ ఎర లోతు మార్చాలి.

కొరమీను సంగతి వేరు. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వచ్చినవాళ్ళు కవర్లలో పట్టుకుని నిలబడే పిల్లచేప ఇదే. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కాసిని నీళ్ళలోనూ బతుకుతుంది. తుంగలోనూ తామరాకుల కిందా దాక్కుంటుంది, కదిలే ఎరకే వస్తుంది. వానాకాలంలో ఎర్రటి చిన్నపిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వెయ్యకండి. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. వాటిని పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

వంటింటి ఎర

ఇది మన పని! మెంతులు, ఏలకులు బేగం బజార్‌లో కొన్నాను. చెక్క, తవుడు పశువుల దాణా అమ్మేచోట దొరుకుతాయి.

కావలసినవి: తవుడు 2 గ్లాసులు, వేరుశనగ చెక్క పొడి 1 గ్లాసు, గోధుమపిండి అర గ్లాసు, మెంతులు 2 చెంచాలు, ఏలకులు 4, బెల్లం నిమ్మకాయంత.

చేసే విధానం: తవుడును కమ్మని వాసన వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించాలి. మెంతులు దోరగా వేయించి ఏలకులతో కలిపి పొడి కొట్టాలి. అన్నీ కలిపి, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ పూరీపిండి కంటే గట్టిగా ముద్ద చెయ్యాలి. గోలీ అంత ఉండ చేసి గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. వెంటనే విడిపోతే ఇంకాస్త గోధుమపిండి కలపాలి. పది నిమిషాలైనా రాయిలా ఉంటే తవుడు కలపాలి. మెల్లగా కరుగుతూ వాసన వదిలితేనే చేప వస్తుంది. తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టండి.

సంచిలో తప్పనిసరిగా ఉండవలసినవి

* పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు. గట్టు మీద కూర్చున్నా సరే, తొడగాల్సిందే.
* ఇరవై గజాల తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల డబ్బా. ఎవరైనా నీళ్ళలో పడితే వెంట దూకకండి. కర్ర అందించండి, లేదా ఈ డబ్బా విసరండి. ఒకరి కోసం ఒకరు దిగి ఇద్దరూ పోయిన ఇళ్ళు ఎన్ని లేవు!
* కత్తెర, దూది, కట్టు గుడ్డ. గాలం ముల్లు లోతుగా దిగితే లాగవద్దు. దారం కత్తిరించి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.
* మజ్జిగ, మంచినీళ్ళు, టోపీలు.
* ఐసు వేసిన థర్మాకోల్ పెట్టె, పట్టిన చేపకు.

పిల్లలకు ఒక హద్దు కూడా పెట్టాం. పెద్దాయన చూపించిన చోట్ల ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతి, "ఇది దాటితే గాలం ఇంటికి" అని ముందే చెప్పాం.

ఇంతకీ పోటీ ఏమైంది?

మావారి ఖరీదైన గాలానికి రెండు రవ్వలు పడ్డాయి. "నాకెందుకులే అక్కా" అంటూనే గాలం పట్టుకున్న మా తోటికోడలికి, నా ఎర ముద్దతోనే, రెండున్నర కిలోల బొచ్చె పడింది! స్టీలు టిఫిన్ క్యారియర్ ఆమెదే. చిన్న చేపలన్నీ మళ్ళీ నీళ్ళలో వదిలేశాం, పెద్దాయనకు ఇచ్చిన మాట ప్రకారం.

సాయంత్రం తిరుగు రైల్లో మా అబ్బాయి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు, బట్టలు పొడిగానే ఉన్నాయి. నాకు అదే మొదటి బహుమతి.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో చెరువు మాట వస్తే, పులిహోరతో సరిపెట్టకండి. "ఆ ఊరివాళ్ళను అడిగారా? లోతెక్కడో చూశారా?" అని మీరే ముందు అడగండి. ఆ తర్వాత మూకుడు పొయ్యి మీద పెట్టి, తవుడు వేయించండి!