మంచినీటి సరఫరా - క్షేత్రసిబ్బందికి అధికారము

కృష్ణానది ఒడ్డున నున్న చెవిటికల్లు వంటి గ్రామములలో మంచినీటి ట్యాంకు వద్దకు నిత్యము పోవువాడు నీటి కార్మికుడు. గొట్టమెచ్చట కారుచున్నదో, ఏ కుళాయి మురుగుకాలువను ఆనుకొని యున్నదో అందరికంటె ముందు తెలియునది అతనికే. కాని అతడు చెప్పిన కబురు కార్యదర్శికి, అచ్చటినుండి ఇంజనీరుకు చేరి, ఉత్తరువు తిరిగి వచ్చులోపల ఊరివారు ఆ నీటినే త్రాగవలసివచ్చును. 2024 జూన్ నెలలో జగ్గయ్యపేట ప్రాంతమున అతిసారము ప్రబలినది. కలుషితమైన నీటివలన వేగముగా వ్యాపించు ఇట్టి వ్యాధుల విషయమున ఒక్క దినపు జాప్యమైనను ప్రమాదకరము.

ఈ జాప్యమును తొలగించు ఉపాయము మగ్గమునుండి పుట్టినది. జపాను దేశమున సకీచీ టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గము, పోగు తెగిన వెంటనే తనంతట తానే ఆగెడిది. చెడ్డ గుడ్డ నేయుటకంటె మగ్గము నాపుటయే లాభమని ఆయన గ్రహించెను. తరువాత టొయోటా మోటారు కర్మాగారమున ఈ సూత్రమునే మనుష్యులకు వర్తింపజేసిరి. లోపమును చూచిన కార్మికుడు త్రాడు లాగును. మేస్త్రీ పరుగున వచ్చును. లోపము సరిపడనిచో పని ఆగును. 1988 నుండి ఈ పద్ధతికి 'లీన్' అను పేరు వాడుకలోనికి వచ్చినది. వృథాను తొలగించుట, పనిచేయువాని మాటకు విలువనిచ్చుట దీని సారాంశము. ఉత్తరువుకై వేచియుండుట, అనవసరముగా తిరుగుట, చేసిన పనినే మరల చేయుట ఇవన్నియు వృథాయే.

దీనిని మన గ్రామములందు ఆచరించుటకు పెద్ద ఖర్చు లేదు.

మొదటిది: నీటి రంగు మారినను, గొట్టము పగిలినను ఆ వీధి వాల్వును మూసి వెంటనే తెలియజేయు అధికారమును పంచాయతీ తీర్మానముద్వారా కార్మికున కీయవలెను. మూసినందుకు మందలింపు ఉండరాదు. ఆ వీధివారికి వేరు నీరు చేర్చు బాధ్యత పంచాయతీది.

రెండవది: బ్లీచింగు పొడి సంచులు రెండుంచవలెను. మొదటిది ముగిసి రెండవది విప్పిన దినముననే క్రొత్త సంచి తెప్పించవలెను. తెరచిన పొడి గాలికి, తేమకు బలము కోల్పోవును గనుక ఎక్కువ నిల్వచేయుటయు వృథాయే.

మూడవది: 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్షలో శిక్షణ నిచ్చుటకు ఏర్పాటు చేసినది. వారు చివరి కుళాయి నీటిని పరీక్షించి ఫలితమును ట్యాంకు వద్ద పలకపై వ్రాయవలెను. లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినను మిగిలియుండవలెను.

లోపము కనబడినపుడు "ఎవరు చేసిరి?" అని కాక "ఎందుకు జరిగినది?" అని అడుగుడు. క్లోరిన్ ఎందుకు లేదు? పొడి వేయలేదు. ఎందుకు? సంచి ముగిసినది. ఎందుకు తెప్పించలేదు? ముగిసినట్లు తెలుపు ఏర్పాటే లేదు. దోషము మనిషిది కాదు, ఏర్పాటుది.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి పేరిట సిబ్బందిని తగ్గించుటయు, ఉన్నవారిపై భారము పెంచుటయు తగదు. సకాలమున జీతము, చేతితొడుగులు, భద్రమైన నిచ్చెన ఇచ్చిన పిమ్మటనే బాధ్యత నడుగుట న్యాయము.

73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయముగా పేర్కొనబడినది. సభ్యులు రాబోవు సమావేశమునకు నీటి కార్మికుని పిలిచి, కూర్చుండబెట్టి, అతని మాటను మొదట వినవలెనని కోరుచున్నాము.