కాలేయదానం - పాత్రవిచారం

దానం చేసేవారు దేశాన్ని, కాలాన్ని, పాత్రను విచారించాలని భగవద్గీత పదిహేడవ అధ్యాయం బోధిస్తున్నది. అన్నదానానికి అంతటి విచారం అక్కరలేదు, ఆకలే పాత్రత. అవయవదానంలో మాత్రం ఆ విచారం మీదనే ఇద్దరి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. నేను వ్యాకరణం చదువుకున్నవాణ్ణి, వైద్యుణ్ణి కాను. వైద్యులను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ విన్నవిస్తున్నాను.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి దర్శనానికి వచ్చే భక్తులు కొందరు నన్ను ఇట్లా అడిగారు: "కొబ్బరితోట అమ్మడానికి సిద్ధపడ్డామండీ. కాలేయం ఇస్తానని కొడుకు ముందుకొచ్చాడు. అయినా డాక్టర్లు వద్దన్నారు. ఎందుకండీ?"

కాలేయ క్యాన్సర్ చాలావరకు అప్పటికే చెడిన కాలేయంలో పుడుతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కాలేయంలో చేరిన కొవ్వు అందుకు ముఖ్య కారణాలు. మార్పిడి వలన గడ్డ, చెడిన కాలేయం రెండూ ఒకేసారి తొలగిపోతాయి. కానీ క్యాన్సర్ కణాలు అప్పటికే రక్తనాళాలలోకో, ఊపిరితిత్తులకో, ఎముకలకో చేరి ఉంటే కొత్త కాలేయం రోగిని కాపాడలేదు. పైగా శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడవలసి ఉంటుంది. దాగి ఉన్న కణాలు పెరగడానికి అది మరింత అవకాశమిస్తుంది.

అందుకే ఒక కొలత అవసరమైనది. 1996లో ఇటలీలోని మిలాన్ నగర వైద్యుడు మజ్జాఫెరో, ఆయన సహచరులు 48 మంది రోగుల ఫలితాలను ప్రకటించారు. గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లకు మించరాదు. రెండు మూడు ఉంటే ఏదీ 3 సెంటీమీటర్లు దాటరాదు. రక్తనాళాలలోకిగాని, కాలేయం వెలుపలకుగాని వ్యాపించి ఉండరాదు. ఇట్లా ఎంచిన రోగులలో నాలుగేళ్ల తరువాత నూటికి 75 మంది జీవించి ఉన్నారు. దీనినే మిలాన్ ప్రమాణం అంటారు. తరువాత కొందరు వైద్యులు ఈ హద్దులను కొంత సడలించారు. గడ్డ పరిమాణంతోపాటు ఏఎఫ్‌పి అనే రక్తపరీక్ష, గుండె, ఊపిరితిత్తుల బలం కూడా చూస్తారు.

ఇక దాత సంగతి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువుల దానాన్ని అనుమతిస్తున్నది. మరణానంతర దానాలను మన రాష్ట్రంలో జీవన్‌దాన్ పథకం ద్వారా వరుసక్రమంలో కేటాయిస్తారు. బ్రతికి ఉన్న దాత కాలేయంలో కొంత భాగమే తీస్తారు, మిగిలినది తిరిగి పెరుగుతుంది. అయినా ఆ శస్త్రచికిత్సలో దాతకూ ప్రమాదం ఉన్నది. ఫలించదని తెలిసిన చికిత్స కోసం ఆరోగ్యవంతుడైన కుమారుణ్ణి ఆ ప్రమాదంలోకి దింపడం ధర్మం కాదు. దాత సమ్మతి కూడా మనస్ఫూర్తిగా ఇచ్చినదై ఉండాలి. ఇంటివారి మొగమాటానికి లొంగి ఇచ్చినది కారాదు.

కాబట్టి వైద్యులు వద్దన్నారంటే అది రోగి పాపపుణ్యాల మీద తీర్పు కాదు, రోగం ఉన్న స్థితిని బట్టి చేసిన నిర్ణయం. అది అన్నివేళలా తుది మాట కూడా కాదు. గడ్డను వేడితో మాడ్చడం, దానికి రక్తం అందించే నాళంలోకి మందు పంపడం వంటి చికిత్సలున్నాయి. వాటితో గడ్డ కుదించుకుపోయి, తరువాత మార్పిడికి అర్హులైనవారూ ఉన్నారు.

భక్తులకు నా విన్నపం ఇంతే. పరీక్షలు పూర్తయి, వైద్యులు అర్హత తేల్చేవరకు తోట అమ్మకండి. హెపటైటిస్ బి గాని, కాలేయం గట్టిపడే జబ్బు గాని ఉన్నవారు ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోండి. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే బయటపడితే దారులు ఎక్కువ. దాతలు ఒక పేదవానికి ఆ పరీక్ష చేయించగలిగితే, అది కాలమెరిగి చేసిన దానమవుతుంది.