తాళం వేశారు... తూము చూశారా?

పండక్కి మూడు రోజులు కళకళ. మిగతా ఏడాదంతా తాళం. గోదావరి పల్లెల్లో ఇలాంటి ఇళ్లకు దొంగలకన్నా పెద్ద భయం... చలికాలంలో చెప్పాపెట్టకుండా వచ్చే వాన!

ఉంగుటూరు, నారాయణపురం, కైకరం, చేబ్రోలు, నాచుగుంట... ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య ఏ ఊళ్లోకి వెళ్లినా తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి. పెద్దవాళ్లు కాలం చేశారు, లేదంటే పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. పిల్లలేమో హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. ఇల్లు అమ్మడానికి మనసొప్పదు. సంక్రాంతికి వచ్చి తలుపులు తీస్తారు. కనుమ వెళ్లగానే మళ్లీ తాళం పడుతుంది.

ఆషాఢ, శ్రావణాల్లో వానలొస్తాయని అందరికీ తెలుసు. ఊళ్లో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, ఇల్లు ఓసారి చూడమంటారు. కార్తికం దాటిందంటే మాత్రం ఇక నిశ్చింత. చిక్కంతా అక్కడే. బంగాళాఖాతంలో తుపానుల కాలం డిసెంబరు దాకా ఉంటుంది. పెథాయ్ తుపాను తూర్పుగోదావరిలో తీరం దాటింది 2018 డిసెంబరు 17న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం తాకింది 2023 డిసెంబరు 5న. అప్పుడు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. పైగా అది సార్వా మాసూళ్ల సమయం. కళ్లాల్లో ధాన్యం తడవకుండా బరకాలు కప్పుకోవడానికే రైతుకి ఊపిరాడదు. పక్కింటి తాళంచెవి తన దగ్గరే ఉన్నా, తలుపు తీసి చూసే తీరికెక్కడిది?

ఆకే అసలు శత్రువు

పాత మండువా లోగిలి కట్టడంలోనే ఒక లెక్క ఉంది. నాలుగు వైపుల పెంకుల మీద పడిన వాన నడిమి వాకిట్లోకి దిగుతుంది. అక్కణ్నుంచి తూము గుండా బయటికి పోతుంది. మనుషులున్న ఇంట్లో రోజూ వాకిలి ఊడుస్తారు కాబట్టి తూము ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తాళం పడ్డ ఇంట్లో మామిడాకులూ, మట్టీ, పిట్టగూళ్ల చెత్తా చేరి దాన్ని మూసేస్తాయి. ఒక్క రాత్రి గట్టి వాన పడితే చాలు, నీళ్లు వసారా ఎక్కి గదుల్లోకి వస్తాయి. పెంకు ఒకటి పక్కకి జరిగినా తడి వాసంలోకి, వాసం నుంచి దూలంలోకి దిగుతుంది. ఆ వెనకే చెదలు!

డాబా ఇంటికీ ఇదే గండం. పిట్టగోడ మూల గొట్టంలో ఆకులు అడ్డం పడితే పైకప్పు చెరువవుతుంది. ఆ నీళ్లు శ్లాబులోకి ఇంకితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పెచ్చులు రాలుతాయి. కొల్లేరు చుట్టుపక్కల పల్లపు ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. వాగులూ డ్రెయిన్లూ అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. కాబట్టి వాన వెలిసినా నీరు వెంటనే తీయదు.

మూడు రోజుల గడువు

వాతావరణ శాఖ తుపాను గురించి మొదటి హెచ్చరిక కనీసం 72 గంటల ముందే ఇస్తుంది. తర్వాత 48 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి. ‘వాయుగుండం’ అన్న మాట వార్తల్లో వినగానే ఊరికి ఫోన్ చేస్తే పనులన్నీ తెమిలిపోతాయి.

* తూము, డాబా గొట్టాలు శుభ్రం చేయించాలి. ఒక బిందె నీళ్లు పోసి చూస్తే సరి.

* ఇంటి మీదికి వాలిన ఎండు కొబ్బరి మట్టలు, కాయలు దింపించాలి. ఊగే రేకుల్ని బిగించాలి.

* డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నింపి ఉంచాలి. ఖాళీగా ఉంటే గాలికి లేచిపోతుంది.

* కరెంటు మెయిన్ ఆపేయాలి. ఇల్లు తడిస్తే ఎలక్ట్రీషియన్ చూశాకే మళ్లీ వేయాలి.

* దస్తావేజులు, పాత ఫొటోలు, పరుపులు అటకెక్కించాలి.

ఇవన్నీ గాలి మొదలవకముందే అయిపోవాలి. తుపానులో ఎవర్నీ డాబా ఎక్కమనకూడదు. పెంకు పోతే కొనుక్కోవచ్చు! నీళ్లు తీశాక కూడా లోపలికి వెళ్లేటప్పుడు చేతిలో కర్ర, టార్చిలైటు ఉండాలి. పాములు పొడి చోటు వెతుక్కుంటాయి.

డాలస్‌లోనూ అదే కథ

సంక్రాంతికి ఇక్కడ తాళం తీసేవాళ్లు అక్కడ తాళం వేసి వస్తారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపార సంస్థలకు కరెంటు పోయింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గొట్టాలు పగిలాయి. మంచు కరిగాక గానీ సంగతి బయటపడలేదు. పైకప్పుల్లోంచి నీళ్లు కారాయి. చలికాలంలో ఊరెళ్లేవాళ్లు మెయిన్ నీళ్లు కట్టేసి, కుళాయిలు తిప్పి గొట్టాలు ఖాళీ చేయాలని, హీటరు కనీసం 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచాలని అక్కడి నిపుణులు చెబుతారు. అక్కడ గొట్టం, ఇక్కడ తూము. నీటి దారి చూసే మనిషి లేకపోవడమే రెండుచోట్లా కష్టం.

బీమా కొంత ఆసరా. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుపాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. అయితే ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుందని సంస్థకు ముందే రాసివ్వడం మంచిది. పండక్కి వచ్చినప్పుడు ప్రతి గదికీ తారీఖుతో ఫొటో తీసుకుంటే రేపు రుజువుగా పనికొస్తుంది.

అన్నిటికన్నా పెద్ద బీమా మాత్రం తాళంచెవి పెట్టుకున్న మనిషే. ఆయన బాబాయి కావచ్చు, పక్కింటి పిన్నిగారు కావచ్చు. వాన వచ్చినప్పుడే గుర్తొస్తే వాళ్లకూ కష్టంగానే ఉంటుంది. నెలకోసారి తలుపులు తీసి, ఊడ్చి, గాలి ఆడనిచ్చేందుకు ఓ మనిషిని కుదిర్చి, కూలి క్రమం తప్పకుండా పంపాలి. పనేమీ లేకపోయినా అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ‘‘బాబాయ్, మీ కోతలు అయ్యాయా?’’ అని అడగాలి. ముందు వాళ్ల ధాన్యం గురించి అడిగితే, మన తూము గురించి వాళ్లే చెబుతారు!