పునాది రాయి మీద లేని పేర్లు



మన గ్రామ సంఘాలు ఒక్కొక్కటిగా నూరేళ్ళు, నూట పాతికేళ్ళు, కొన్నిచోట్ల నూట యాభై ఏళ్ళు పూర్తి చేసుకుంటున్నాయి. గుడికి సున్నం వేస్తాం, పందిళ్ళు వేస్తాం, ప్రేమవిందు పెడతాం, జ్ఞాపకార్థం ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తాం. ఆ పుస్తకం మొదటి పేజీలో మిషనరీ దొరగారి ఫోటో ఉంటుంది. తరువాత పెద్దల సందేశాలు, చందాలిచ్చిన వారి జాబితా ఉంటాయి. అంతా బాగానే ఉంది. కాని, "మన ఊళ్ళో మొట్టమొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరు? ఆయన ఇంటిపేరేమిటి? ఆయన భార్య పేరేమిటి? వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగి చూడండి. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "మా నాయనమ్మ బ్రతికుంటే చెప్పేది" అనే జవాబే చాలా ఊళ్ళలో వినబడుతుంది.

దొరగారి పేరు పునాది రాయి మీద ఉంది. ఆ రాయిని మోసినవారి పేర్లు నాయనమ్మల నోటిలో ఉన్నాయి. రాయి నిలుస్తుంది. నాయనమ్మలు ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి వెళ్ళిపోతున్నారు. మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

జ్ఞాపకం దేవుడిచ్చిన పని

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పన్నెండు రాళ్ళు తీసి గిల్గాలులో నిలువబెట్టారు (యెహోషువ 4). ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడుగుతారు. అప్పుడు తండ్రులు జరిగిన సంగతి చెప్పాలి. గమనించారా? రాయి ఒక్కటే చాలదు. అడిగే పిల్లవాడు కావాలి, చెప్పే పెద్ద కావాలి. కథ మరచిపోతే అది ఉత్త బండరాయే.

నెహెమ్యా 3వ అధ్యాయం చదివేటప్పుడు చాలామంది పేజీ త్రిప్పేస్తారు. అంతా పేర్లే కదా అని! కాని యెరూషలేము గోడను ఎవరెవరు ఎంతమేర కట్టారో అక్కడ ఉంది. కంసాలులు, పరిమళద్రవ్యాలు చేసేవారు కూడా గోడ కట్టారు. షల్లూము కుమార్తెలు కట్టారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఇరవైమందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు. వారిలో ప్రిస్కిల్ల, పెర్సిసు వంటి స్త్రీలున్నారు. పేర్లు రాయడం పరిశుద్ధ గ్రంథానికి చిన్న పనిగా తోచలేదు. మనకెందుకు తోచాలి?

పేరయ్యగారి సంగతి మనకెలా తెలిసింది?

ఒంగోలు ప్రాంతం చరిత్ర తీసుకుందాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని ప్రారంభించారు. ఏళ్ళ తరబడి ఫలితం అంతంతమాత్రమే. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దంపతులు మరి కొందరితో కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఇంతవరకు చాలామందికి తెలుసు.

అయితే క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టకముందే ఆయన కోసం ఎదురుచూసిన మనిషి ఒకడున్నాడు. ఆయన ఎర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. రాజయోగ మార్గంలో సాధన చేసి, తన వారికి బోధించిన వాడు. వ్యాపారం పనిమీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ నోట సువార్త విన్నాడు. తాను వెదకుతున్నది ఇదేనని గ్రహించాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మగారు ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగి వెళ్ళి ఊరూరా బంధువుల మధ్య సాక్ష్యమిచ్చారు. తరువాత వేలమంది నడిచిన దారిని మొదట త్రొక్కింది ఆ కాళ్ళే.

ఇంత వివరంగా మనకెలా తెలిసింది? ఒకరు కూర్చుని విన్నారు గనుక. ఒంగోలులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే మిషనరీ అమ్మగారు ముసలి బోధకుల దగ్గర, మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వారి కథలు, వారి పూర్వీకుల కథలు, వారు నమ్మిన గురువుల కథలు విని రాసుకున్నారు. 1899లో ఆ కథలు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం పేరుకు మన భాషలో అర్థం 'చెప్పులు కుడుతూ ఉండగా' అని. 1914లో వెలువడిన క్లౌ దొరగారి ఆత్మకథ కూడా ఆయన చెప్పగా ఆమె రాసినదే.

ఆమె వినకపోయి ఉంటే పేరయ్యగారు మనకు ఒక లెక్కగా మాత్రమే మిగిలేవారు. పొరుగు జిల్లాల్లోనూ ఇదే మాట. కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో బాప్తిస్మం పొందిన పగోలు వెంకయ్యగారి పేరు నిలిచిందంటే ఎవరో రాసి ఉంచబట్టే. రాయని ఊళ్ళలో అంతటి విశ్వాసులు లేరని కాదు. రాసినవారు లేరు, అంతే.

కరువు నాటి మాట

కథ మరచిపోతే నష్టమేమిటి అని అడిగేవారున్నారు. ఒక ఉదాహరణ చూడండి.

"మీ తాతలు గంజి కోసం కలిశారు" అనే ఎత్తిపొడుపు మన పల్లెల్లో వినని క్రైస్తవ బిడ్డ ఉండడు. బడిలో ఆ మాట విన్న పిల్లవాడు తల దించుకుని ఇంటికి వస్తాడు. ఇంట్లో వాడికి జవాబు చెప్పేవారు లేకపోతే ఆ మాటే నిజమనుకుంటాడు.

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తుండగా క్లౌ దొరగారు కొన్ని మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమంది మన్ను మోసి కూలి సంపాదించుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చేయించేవారు, విశ్రాంతి వేళ వాక్యం చెప్పేవారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. కాని కూలి కోసం, సాయం కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పనులు ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఇచ్చారు.

ఆకలి ఆ ప్రజలను కదిలించలేదని ఎవరూ అనరు. ఆకలిగొన్న వారికి అన్నం పెట్టడం సిగ్గుపడవలసిన పనీ కాదు. కాని వారు గంజికి అమ్ముడుపోయినవారు కారు. మన్ను మోసి, చెమటోడ్చి తిన్నవారు. నెలల తరబడి ఆగమంటే ఆగినవారు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు తల దించుకోడు.

2,222 అనే లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఆ లెక్కలో మీ తాతముత్తాతలు ఉన్నారా? ఏ ఊరినుండి నడిచి వచ్చారు? తిరిగి వెళ్ళాక ఊరి పెద్దలు వారినేమన్నారు? ఇది ఏ పెద్ద పుస్తకంలోనూ దొరకదు. మీ ఇంట్లోనే దొరకాలి.

కాగితాలు దూరాన, మనుషులు దగ్గర

మిషనరీలు తమ సంఘాలకు పంపిన ఉత్తరాలు, నివేదికలు భద్రంగానే ఉన్నాయి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల మిషనును నడిపిన అమెరికన్ బాప్టిస్టుల చారిత్రక సంఘం అట్లాంటాలో ఉంది. మచిలీపట్నం, ఏలూరు ప్రాంతాల్లో పనిచేసిన చర్చి మిషనరీ సొసైటీ కాగితాలు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కడప వైపు పనిచేసిన లండన్ మిషను కాగితాలు, మెదక్ వైపు పనిచేసిన మెథడిస్టుల కాగితాలు లండన్‌లో ఉన్నాయి. మన దేశంలోనూ బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో సంఘ చరిత్రకు సంబంధించిన భాండాగారం ఉంది.

అయితే ఆ కాగితాల్లో ఉన్నది దొరగారు చూసినంతే. మెదక్ మహాదేవాలయం కట్టించిన పాస్నెట్ దొరగారి పేరు ప్రపంచానికి తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని తెలుసు. దాని రాళ్ళు ఎత్తిన కూలీల పేర్లు మాత్రం వారి మనుమల ఇళ్ళలోనే వెదకాలి. గుడిసె గుడిసెకు తిరిగి ఆడవారికి వాక్యం నేర్పిన బైబిలు స్త్రీల సంగతీ అంతే. వారానికోసారి పది మైళ్ళు నడిచి వచ్చి రాత్రిబడి నడిపిన ఉపదేశి సంగతీ అంతే.

ఏమి చేయాలి?

ఇది పెద్ద చదువు చదివినవారి పని అనుకోవద్దు. యౌవనస్థుల సమాజం, స్త్రీల సమాజం, సండేస్కూలు పిల్లలు కలిస్తే చాలు.

1. ముందు పెద్దవారి దగ్గరకు వెళ్ళండి. ఎనభై దాటిన వారి పేర్లు రాసుకుని ఈ నెలలోనే మొదలుపెట్టండి. కాగితాలు వచ్చే ఏడాది కూడా ఉండవచ్చు. మనుషుల సంగతి చెప్పలేము.

2. సంవత్సరం అడగవద్దు, గుర్తు అడగండి. "ఏ సంవత్సరం అవ్వా?" అంటే చెప్పలేరు. "ఉప్పెనకు ముందా, తరువాతా?" అంటే వెంటనే చెబుతారు. దివిసీమ ఉప్పెన 1977లో వచ్చింది. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. తెలంగాణ పల్లెల్లో 1948 పోలీసు చర్య ఒక గుర్తు. అలా లెక్క కట్టుకోవచ్చు.

3. సెల్‌ఫోనులో వారి మాట రికార్డు చేయండి. ముందుగా వారి అనుమతి అడగండి. మొదట వారి పేరు, ఊరు, ఆ నాటి తేదీ చెప్పించండి. మధ్యలో అడ్డు తగలవద్దు. పాత కీర్తన ఏదైనా పాడితే పాడనివ్వండి. చదువురాని ఆ తరం వారికి కీర్తనలే వేదపాఠశాల.

4. కుటుంబ బైబిలు అట్ట లోపల, మొదటి ఖాళీ పేజీల్లో చూడండి. పుట్టుకలు, పెండ్లిండ్లు, మరణాలు అక్కడే రాసేవారు. ఆ పేజీలను ఎండ నేరుగా పడని వెలుతురులో ఫోటో తీయండి.

5. సంఘ రిజిస్టర్లను కాపాడండి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెండ్లిండ్లు నమోదు చేయాలి కనుక పాత పుస్తకాలు చాలా పాస్టరేట్లలో ఉన్నాయి. వాటిని నేలమీద పెట్టవద్దు, చెదలు పడతాయి. చినిగిన పేజీలకు ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. కొన్నాళ్ళకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, తడి తగలని బీరువాలో ఎత్తుగా ఉంచండి.

6. పాత ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో ఎడమనుండి కుడికి పేర్లు రాయండి. పెన్ను వాడితే సిరా ముందువైపుకు దిగుతుంది.

7. ప్రతిదానికీ నకలు తీసి మూడు చోట్ల ఉంచండి: సంఘంలో, ఆ కుటుంబంలో, దూరాన మరొకచోట. ఒక్క ఫోనులో దాచినది ఆ ఫోనుతోపాటే పోతుంది.

పేర్ల విషయంలో ఒక మాట. చాలా కుటుంబాల్లో బాప్తిస్మంతో పేరు మారింది. ఊళ్ళో ఒక పేరు, గుడిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకొక పేరు ఉంటాయి. అన్నీ రాయండి. ఒక్కటే రాస్తే రేపటి మనుమడికి తాత దొరకడు.

ఉన్నది ఉన్నట్టు

చరిత్ర రాయడమంటే పొగడ్తలు కూర్చడం కాదు. గోడ కట్టినవారి పేర్లు చెప్పిన నెహెమ్యా గ్రంథమే తెకోవీయుల పెద్దలు పనికి మెడ వంచలేదని కూడా చెప్పింది. మన సంఘాల్లోనూ అలాంటివి ఉన్నాయి. మాల పల్లె, మాదిగ పల్లె ఒకే గుడిలో కూర్చోలేకపోయిన రోజులున్నాయి. నీటి కోసం, దారి కోసం, శ్మశానం స్థలం కోసం మన పెద్దలు పడిన అవమానాలున్నాయి. పంపకాల్లో విడిపోయిన అన్నదమ్ములున్నారు. దాచితే పిల్లలు పాఠం నేర్చుకోలేరు. అయితే బ్రతికి ఉన్నవారి గుట్టును నలుగురిలో పెట్టడం ప్రేమ కాదు. ఏది ఇప్పుడు చదవాలి, ఏది మూసి ఉంచాలి అన్నది ఆ కుటుంబంతో మాట్లాడి నిర్ణయించండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కనే రాయండి.

ముఖ్యంగా స్త్రీల పేర్లు వదిలిపెట్టవద్దు. "ఫలానా వారి భార్య" అని ఆపవద్దు. తిమోతి విశ్వాసాన్ని గురించి రాసినప్పుడు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరు పెట్టి తలచుకున్నాడు (2 తిమోతి 1:5). మన ఇళ్ళలో లోయిలు ఎందరో! పురుళ్ళు పోసినవారు, పిడికెడు బియ్యం తీసి సంఘానికి ఇచ్చినవారు, భర్త గుడికి రాకపోయినా బిడ్డలను చేయి పట్టి తీసుకొచ్చినవారు.

ప్రియులారా, ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి తొందరపడి వెళ్ళకండి. చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ దగ్గర ఒక్క అరగంట కూర్చోండి. "అవ్వా, మీ అత్తగారి పేరేమిటి? ఆమె ఈ గుడికి ఎలా వచ్చింది?" అని అడగండి. ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. మన పేర్లను పరలోకంలో రాసిన దేవుడు, మన పితరుల పేర్లను భూమి మీద మనచేత రాయించును గాక! ఆమేన్.