తడి వడ్లు, తేలే గింజలు: ఒక ఆరబెట్టే యంత్రం కథ

సిడ్నీకి పడమట, పెండిల్ హిల్, తూంగాబీ రైలు స్టేషన్ల దగ్గర గిరావీన్ అనే పేట ఉంది. సెలెక్టివ్ హైస్కూలు పుణ్యమా అని ఆ పేరు ఎరగని తెలుగు తల్లిదండ్రులు సిడ్నీలో అరుదు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో రెండు పూటలా అన్నం వండుతారు. బియ్యం కొనేటప్పుడు అందరూ చూసేది గింజ నిండుగా ఉందా, నూక ఎంత ఉంది అనే. ఆ నూక పుట్టేది మిల్లులోనే అని చాలామంది నమ్మకం. నిజానికి మిల్లు చేరేసరికే గింజ లోపల బీటలు ఉంటాయి. పొట్టు తీసే రాపిడికి అవి బయటపడతాయి, అంతే. బీట వేసేది ఆరబెట్టడం.

ఆ ఆరబెట్టడాన్ని దశాబ్దాల పాటు చదివినవాళ్లు అదే నగరంలో, తూర్పున కెన్సింగ్టన్‌లో ఉన్న న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఉండేవారు. అక్కడి రాబర్ట్ డ్రిస్కాల్, థాయ్‌లాండ్‌లోని కింగ్ మోంగ్‌కుట్ సాంకేతిక విశ్వవిద్యాలయం (తోన్‌బురి) ఆచార్యుడు సోమ్‌చార్ట్ సోపోన్‌రొన్నరిత్, వారి సహచరులు వానాకాలపు తడి వడ్లను చెడకుండా ఆరబెట్టే దారి వెతికారు. 1982లో ఏర్పడిన ఆస్ట్రేలియా అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ పనికి డబ్బు సమకూర్చింది. ఆ పరిశోధనల్లోంచి ఎదిగిన యంత్రాన్ని ఫ్లూయిడైజ్డ్ బెడ్ డ్రయ్యర్ అంటారు. దాని పుట్టుక మాత్రం వరిచేలకు చాలా దూరం.

1922లో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ అనే ఇంజనీరు బొగ్గుపొడి పొర కిందినుంచి వాయువును పైకి ఊదే పద్ధతికి పేటెంటు కోరాడు. ఊదే వేగం ఒక హద్దు దాటగానే పొర మొత్తం ఎసరు మరిగినట్టు కుతకుతలాడుతుంది. ప్రతి రేణువూ గాలిలో తేలుతుంది, ప్రతి రేణువుకూ అన్ని వైపులా వాయువు తగులుతుంది, పొర అంతా ఒకే వేడిలో ఉంటుంది. 1926 నాటికి ల్యూనా కర్మాగారంలో ఈ పద్ధతితో బొగ్గును గ్యాస్‌గా మార్చారు. 1942లో అమెరికాలోని బేటన్ రూజ్ చమురు శుద్ధి కేంద్రంలో ఇదే సూత్రంతో ముడిచమురులోని బరువైన భాగాన్ని పెట్రోలుగా విడగొట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పెట్రోలుకు ఆ పద్ధతి అండగా నిలిచింది. రేణువుల చోట గింజలు వేస్తే ఏమవుతుందన్న ప్రశ్న ధాన్యం దగ్గరికి కొంత ఆలస్యంగానే వచ్చింది. ఆస్ట్రేలియాలోనే ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు చెందిన సదర్లాండ్, ఘాలీ వడ్లతో దాన్ని పరీక్షించారు.

గింజలో నీరంతా ఒకే తీరుగా ఉండదు. కోసిన వడ్లలో తేమ 26 శాతం ఉందనుకుందాం. పై పొరల్లో వదులుగా ఉన్న నీరు తేలిగ్గా పోతుంది. పిండిపదార్థాన్ని గట్టిగా పట్టుకున్న నీరు మాత్రం గింజ లోపలినుంచి బయటికి నెమ్మదిగా నడిచి రావాలి, దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. లెక్క వేసి చూడండి. 26 శాతం తేమ ఉన్న టన్ను వడ్లను 14 శాతానికి తేవాలంటే సుమారు 140 కిలోల నీరు తీయాలి. అందులో మొదటి 98 కిలోలు, అంటే 18 శాతానికి వచ్చేదాకా, త్వరగా తీయవచ్చు. మిగిలిన 42 కిలోలకు ఓపిక కావాలి.

రెండు అంచెల పద్ధతి ఈ లెక్క మీదే నిలబడింది. మొదటి అంచెలో 100 డిగ్రీలు దాటిన వేడిగాలిని, అవసరాన్ని బట్టి 150 డిగ్రీల దాకా, సెకనుకు రెండు మీటర్లకు పైబడిన వేగంతో వడ్ల పొర కిందినుంచి పంపుతారు. వడ్లు తేలుతూ కొద్ది నిమిషాల్లో యంత్రం దాటిపోతాయి. తడిగా ఉన్నంతసేపు నీరు ఆవిరవుతూ గింజను చల్లబరుస్తుంది కాబట్టి ఆ వేడి గింజను మాడ్చదు. బయటికొచ్చే గాలిలో చాలా భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పి ఇంధనం ఆదా చేస్తారు. తర్వాత వడ్లను సుమారు అరగంట కదపకుండా ఉంచుతారు, లోపలి తేమ గింజంతా సర్దుకోవడానికి. ఆపైన రెండో అంచె: గిడ్డంగిలో కుప్పపోసి, అడుగునుంచి మామూలు గాలిని రోజుల తరబడి మెల్లగా వదులుతారు. న్యూ సౌత్ వేల్స్ రివరీనా ప్రాంతంలో, లీటన్, గ్రిఫిత్ చుట్టూ పండే వరిని ఆరబెట్టేది ఈ రెండో అంచె పద్ధతిలోనే. తేమ ఎక్కువగా ఉండే ఉష్ణదేశాల్లో ఈ ఒక్కటే సరిపోదు, కుప్ప అడుగు ఆరేలోపు పైభాగం ముక్కిపోతుంది. అందుకే ముందు వేడి అంచె జోడించారు.

ఒక విషయం పరిశోధకులను కూడా ఆశ్చర్యపరిచి ఉండాలి. అంత వేడి తగిలితే నూక పెరగాలి. కానీ బాగా తడిసిన వడ్లను ఈ యంత్రంలో ఆరబెడితే నిండు గింజ శాతం పెరిగింది. తడి, వేడి కలిసినప్పుడు గింజలోని పిండి కొంత ఉడికి, బీటలను అతుకుతుంది. మనం ఉప్పుడు బియ్యం చేసేటప్పుడు జరిగేదీ అదే. అయితే మొదటి అంచెలోనే మరీ దిగువకు ఆరబెడితే లాభం పోయి బీటలు తిరిగొస్తాయి. ఎందుకో పదార్థ శాస్త్రం చెబుతుంది. పిండి కూడా ప్లాస్టిక్ లాగే పొడవైన గొలుసుల పదార్థం, పాలిమర్. వేడిగా, తడిగా ఉన్నప్పుడు సాగుతుంది. చల్లబడి ఆరితే గాజులా పెళుసవుతుంది. గింజ పైభాగం గాజుగా మారి లోపల ఇంకా సాగే స్థితిలో ఉంటే ఆ లాగుడుకు చీలిక వస్తుంది. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో సీబెన్‌మోర్గన్ బృందం 2000 ప్రాంతంలో దీన్ని వడ్లకు వివరంగా అన్వయించింది. ప్లాస్టిక్‌ల కోసం తయారైన శాస్త్రం బియ్యం బస్తాకు పనికొచ్చింది.

తెలంగాణ రైతు ఈ శాస్త్రాన్ని మరో దారిన ఎరుగును. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. పగటి ఎండకు ఆరి, రాత్రి చల్లబడి గింజ బీటలిస్తుంది, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక కుప్పలవుతుంది, అందుకే వాటిని ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. 2021-22లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు రాష్ట్రంలో అంత పెద్ద గొడవ లేవడానికి మూలం ఈ బీటే. కోస్తా రైతుది దీనికి ఎదురు బాధ. సార్వా కోతలకూ తుపాన్లకూ ఒకటే కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలో పనలు మునిగాయి, కళ్లాల్లో రాశులు తడిసి మొలకెత్తాయి. హార్వెస్టరు వచ్చాక కోత గంటల పనైంది, ఆరబెట్టడం మాత్రం రోడ్డు మీద పరదా పరిచి ఎండ కోసం ఎదురుచూడటంగానే మిగిలింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే వడ్లు తీసుకోరు. ఆ మీటరులో కనిపించే రెండు మూడు అంకెల కోసం రైతు రాత్రిళ్లు రాశి దగ్గరే పడుకుంటాడు.

థాయ్‌లాండ్‌లో 1990ల నడుమకే ఈ యంత్రం ప్రయోగశాల దాటి రైస్ మిల్లులకు చేరింది. అక్కడి ఒక యంత్రాల సంస్థ విశ్వవిద్యాలయంతో కలిసి మొదట చిన్న నమూనా, తర్వాత గంటకు టన్నుల కొద్దీ ఆరబెట్టేవి తయారుచేసింది. ఇంధనం మిల్లులో దొరికే ఊకే. టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక వస్తుంది. మొదటి అంచెకు ఎంత ఉదారంగా లెక్కగట్టినా 50 కిలోల ఊక చాలు. పంట తన పొట్టుతో తానే ఆరుతుంది, మూడొంతులు ఇంకా మిగిలే ఉంటుంది.

చమురు శుద్ధి కేంద్రం నుంచి పొలానికి వచ్చిన చుట్టం మరొకటి ఉంది, దాని పేరు జియోలైట్. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం అది, నీటి అణువు పట్టేంత సన్నని రంధ్రాలు దాని నిండా ఉంటాయి. 1949లో యూనియన్ కార్బైడ్‌లో రాబర్ట్ మిల్టన్ కృత్రిమంగా చేసిన జియోలైట్ వాయువులను ఆరబెట్టడానికి పనికొచ్చింది. 1960లలో దాని బంధువులు శుద్ధి కేంద్రాల్లో ఉత్ప్రేరకాలయ్యాయి. ఇప్పుడు జియోలైట్‌లే పూసల రూపంలో విత్తనాలను ఆరబెడుతున్నాయి. మూతబిగించిన డబ్బాలో విత్తనాలతో పాటు వేస్తే, వేడి అవసరం లేకుండానే తేమను లాగేస్తాయి. పూసలను 200 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే మళ్లీ వాడుకోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్)లో కెంట్ బ్రాడ్‌ఫోర్డ్, హైదరాబాదులో కేశవులు కూనుశోత్ వీటి మీద కలిసి పనిచేశారు. మొలకశక్తి కాపాడాల్సిన విత్తనానికి ఆ ఖర్చు గిట్టుతుంది. టన్నుల వడ్లకు గిట్టదు, అక్కడ గాలి, ఊక, తేలే పొరే దారి.

మన రాష్ట్రాల్లో డ్రయ్యర్లు లేవని కాదు, పెద్ద మిల్లుల్లో ఉన్నాయి. కానీ మిల్లులో ఉన్న డ్రయ్యరు మిల్లరు నష్టాన్ని ఆపుతుంది. తడిసిన వడ్లను రైతు అప్పటికే తరుగు ఒప్పుకుని అమ్ముకుని ఉంటాడు. వేడి అంచె కొనుగోలు కేంద్రంలోనే జరగాలి, నెమ్మది అంచె గిడ్డంగిలో జరగవచ్చు. రెండు అంచెలను విడదీయడం వల్ల వచ్చిన అసలు సౌలభ్యం ఇదే. పరదాలకు, తడిసిన ధాన్యం పరిహారానికి ఏటా నిధులు కేటాయించే పెద్దలారా, అందులో ఒక పాలు తీసి మండలానికి ఒక ఊక డ్రయ్యరు పెట్టించండి, వచ్చే నవంబరు వానలకు ముందే.