రుచి మారితే సిగరెట్ మానేస్తారా?

పుత్తూరు పేరు వినగానే విరిగిన ఎముకకు వేసే కట్టు గుర్తొస్తుంది. పొగ తాగేవారి ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందని వైద్యం చెబుతోంది. మరి ఆ పొగను మామిడి, పుదీనా రుచుల ఈ-సిగరెట్ మాన్పించగలదా?

2019లో బ్రిటన్‌లో 886 మంది పెద్దలపై జరిగిన పరిశోధన ఫలితం వెలువడింది. నచ్చిన రుచిని ఎంచుకునే వీలున్న ఈ-సిగరెట్ వాడినవారిలో 18 శాతం మంది ఏడాది తర్వాతా సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. నికోటిన్ బిళ్లలు, పట్టీల వంటివి వాడినవారిలో 9.9 శాతమే. కానీ ఈ-సిగరెట్‌తో గెలిచిన వారిలో 80 శాతం మంది అప్పటికీ ఆ పరికరాన్ని పీలుస్తూనే ఉన్నారు. సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు.

రుచి చేసే పని చిన్నదేం కాదు. పండ్ల వాసనకు పొగాకు ఘాటుతో సంబంధం లేదు కాబట్టి, కొందరికి పాత సిగరెట్ రుచే వెగటనిపిస్తుంది. మెంథాల్ గొంతును చల్లబరిచి మంటను కప్పేస్తుంది. దమ్ము తేలిగ్గా లోపలికి దిగుతుంది. ఈ రుచులే ఎన్నడూ పొగ తాగని పిల్లలనూ పిలుస్తాయి. అసలు భయం అదే.

2019లోనే భారత్ ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే బంకులో బీడీ, సిగరెట్ మాత్రం ఇప్పటికీ దొరుకుతాయి. మానాలనుకునే పుత్తూరు మనిషికి చట్టబద్ధమైన దారి నికోటిన్ చూయింగ్‌గమ్, వైద్యుడి సలహా, 1800-11-2356 ఉచిత ఫోన్.