కషాయం – కాలేయం

2021 మే నెలలో నెల్లూరు తీరంలోని కృష్ణపట్నానికి మూలికా మందు కోసం వేలాదిమంది తరలివచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటితో తీసుకునే మందుకు అనుమతినిచ్చింది. పూర్తి నివేదికలు అందనందున కంటి చుక్కలకు మాత్రం ఇవ్వలేదు. మూలికలే కదా, నోట్లో వేసుకున్నా కంట్లో వేసుకున్నా ఒకటే కదా అని మీకు అనిపించి ఉండవచ్చు. శరీరధర్మశాస్త్రం ప్రకారం ఒకటి కాదు.

మీ ఇంట్లో కాచే తులసి, మిరియాల కషాయాన్నే తీసుకోండి. తులసిలోని యూజినాల్ కొవ్వులో కరిగే చిన్న అణువు కనుక పేగు గోడను సులభంగా దాటుతుంది. అయితే పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడి ఎంజైములు యూజినాల్‌కు గ్లూక్యురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో జతచేసి, నీటిలో కరిగేటట్లు మారుస్తాయి. అందులో అధికభాగం ఒక్కరోజులోనే మూత్రంలో వెళ్లిపోతుంది.

కంటి చుక్కలకు ఈ తొలి వడపోత లేదు. కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగిన ద్రవం, కాలేయాన్ని తప్పించుకుని రక్తంలో కలుస్తుంది. గ్లాకోమాకు వాడే టిమొలాల్ చుక్కలు ఆస్తమా రోగికి ఊపిరాడకుండా చేయగలగడం ఇందువల్లనే.

మిరియంలోని పైపరిన్ తీరు వేరు. అది పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉన్న ఆ ఎంజైములనే మందగింపజేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు పసుపులోని కర్క్యుమిన్‌ను 2 గ్రాములు ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇస్తే దాని జీవలభ్యత 20 రెట్లు పెరిగింది. అర గ్రాము మిరియాలలో సుమారు అంత పైపరిన్ ఉంటుంది. నీళ్లలో కాచినప్పుడు కొంతే దిగుతుందనుకోండి.

పసుపు విషయంలో ఇది మేలే కావచ్చు. కానీ మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ స్థాయిని కూడా పైపరిన్ రక్తంలో పెంచుతుందని మన దేశంలో జరిగిన పరిశీలనల్లోనే తేలింది. ఆ మందు పనిచేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కాస్త ఎక్కువైతే మనిషి తూలతాడు, మాట తడబడుతుంది. ఏ మందులు వాడుతున్నారని వైద్యుడు అడిగితే మనం మాత్రల పేర్లే చెబుతాం. వంటింటి వస్తువు మందుగా మనకు తోచదు. అది కూడా చెప్పాలి. మాత్రలను మాత్రం మీ అంతట మీరు మానకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఫెనిటోయిన్ వాడుతున్న వ్యక్తి నెలరోజులు మూడు పూటలా మిరియాల కషాయం తాగాడు. దానికి తగ్గట్టు వైద్యుడు మాత్ర మోతాదు తగ్గించారు. తరువాత అతడు ఎవరికీ చెప్పకుండా కషాయం మానేశాడు. అతనికి ఏ ప్రమాదం ఉంది? ఎందుకు?